టమాటా ధరతో పాటు తెగులు రకం కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో ఎంత పలికిందో పత్రికల్లో రోజూ చూస్తున్నాం. ఆ టమాటాను తోటలోనే మాడ్చేస్తున్న తెగులు ఏ రకమో మాత్రం ఎక్కడా కనిపించదు.

పోయిన కార్తీకంలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున తోటలోకి వెళ్తే ఆకుల మీద వేడినీళ్లు పడ్డట్టు నల్లటి మచ్చలు. ఆకు తిప్పి చూస్తే మచ్చ అంచున తెల్లటి బూజు. ఇది లేట్ బ్లైట్ అనే తెగులు. దుకాణంలో మెటలాక్సిల్ కలిసిన మందు ఇచ్చారు. కొట్టించాను, తగ్గలేదు. మోతాదు పెంచమన్నారు, పెంచాను. వారం తిరిగేసరికి ఎకరన్నర తోట ఉడకబెట్టిన ఆకుకూరలా వాలిపోయింది. మందు నకిలీదని దుకాణదారుతో గొడవపడ్డాను. సరిగా కొట్టలేదని కూలీలను తిట్టాను. ఆ తిట్లు వెనక్కి తీసుకోవలసి వచ్చేలా ఉంది.

2009-10లో నైరుతి భారతంలో టమాటా తోటలు ఇలాగే పోయినప్పుడు బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ బూజును పరీక్షించారు. అది 13-ఏ2 అనే రకమని, మెటలాక్సిల్‌కు లొంగదని తేలింది. ఐరోపాలో 2004లో బయటపడి, కొద్ది ఏళ్లలోనే బ్రిటన్ ఆలుగడ్డ పొలాల్లో పాతుకుపోయినది అదే.

కంటికి అన్నీ ఒకే బూజు. (అసలు ఇది శిలీంధ్రమే కాదట, నాచుకు దగ్గరి చుట్టమట. పొలంలో ఆ తేడాతో మాకు పని లేదు.) జన్యువుల్లోని తేడాతో మాత్రం చాలా పని ఉంది. ఒక రకం చచ్చే మందుకు ఇంకో రకం చలించదు. అదే మందు మళ్లీ మళ్లీ కొడితే లొంగేవి చచ్చి, లొంగనివే మిగిలి పెరుగుతాయి. మోతాదు పెంచమన్న సలహా నాకు దండగ, తెగులుకు పండగ.

అది పదిహేనేళ్ల కిందటి మాట. ఇప్పుడు మా తోటలో ఉన్నది అదేనా, కొత్తదా? అడిగితే చెప్పేవారు లేరు. నారు ట్రేలు, కాయల లారీలు కోలారు వైపు నుంచి ఇటూ, ఇటునుంచి అటూ తిరుగుతూనే ఉంటాయి. బూజుకు చెక్‌పోస్టు అడ్డమా?

ఐరోపాలో మచ్చ ఉన్న ఆకును ఒక ప్రత్యేకమైన కాగితం మీద వత్తి, ఆరబెట్టి, పోస్టులో ప్రయోగశాలకు పంపుతారు. కాగితంలోని రసాయనానికి బూజు చస్తుంది, దాని డీఎన్‌ఏ మాత్రం అందులో నిలిచి ఉంటుంది. ఎక్కడ ఏ రకం ఉందో పటం వేసి అందరికీ చూపిస్తారు. మన రైతు సేవా కేంద్రాల్లో ఆ కాగితాలు ఉంచడానికి ఏమంత ఖర్చు? ఉద్యాన శాఖ నమూనాలు తీయించి, ఫలితం పంట పొలంలో ఉండగానే చెప్పాలి. కార్తీకంలో తీసిన ఆకు సంగతి ఉగాదికి తెలిస్తే మాకు ఒరిగేదేమీ లేదు. ఏ మందు పనిచేయదో మందుల దుకాణాల గోడల మీద అంటించాలి.

వారు చెప్పడం మొదలుపెడితే, మీరు ధరల పట్టీ పక్కన రెండు అంగుళాల చోటు ఇవ్వండి.

— ఒక టమాటా రైతు, మదనపల్లె