ఆదివారం క్లబ్‌హౌస్‌లో కూర్చుందాం: పెద్దలూ, పిల్లలూ

అందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు క్లబ్‌హౌస్ పై అంతస్తులో కలుస్తున్నాం. ఎదిగిన పిల్లలతోనో, అమ్మానాన్నలతోనో మాటలు తగ్గిపోయినవాళ్ల కోసం. పంచాయితీ కాదు, తీర్పులుండవు.

రెండు తరాలవాళ్లూ రండి. మొదటి గంట మాత్రం ఒకే ఇంటివాళ్లు వేర్వేరు బల్లల దగ్గర. పోయినసారి పక్కపక్కనే కూర్చోబెడితే పది నిమిషాల్లో 2014 నాటి పెళ్లి ఖర్చు బయటికొచ్చింది 😄

చేసి తేవాల్సిన పని ఒక్కటే: పంపాలనుకుని పంపని మెసేజ్ ఒకటి కాగితం మీద రాసుకురండి. నాలుగు లైన్లు చాలు. "నువ్వెప్పుడూ ఇంతే" అన్న మాట లేకుండా! చదవమని ఎవరూ అడగరు.

నా సంగతే చెప్తా. ఇల్లు అమ్మే గొడవలో మావాడితో ఎనిమిది నెలలు మాటల్లేవు. మొన్న వేసవిలో ఏమీ రాయకుండా ఆవకాయ సీసా పంపాను. "ఉప్పు ఎక్కువైంది నాన్నా" అని వచ్చింది. అక్కణ్నుంచి మొదలైంది.

పోషణ గొడవ దాకా వెళ్లినవాళ్లకి: 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో విచారణకు ముందే రాజీ అధికారికి పంపే వీలుంది. సలహాకి ఎల్డర్ లైన్ 14567, ఉచితం, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా "వస్తాం" అని పెట్టండి, కుర్చీలకీ టీకీ లెక్క కావాలి. ఇక్కడ మొహమాటమైతే నాకు విడిగా.

అమెరికాలో ఉన్న పిల్లలకి లింక్ శనివారం పెడతాను. డాలస్‌లో అప్పటికి ఉదయం 6:30, అలారం పెట్టుకోమనండి.

ఎవరింటి సంగతీ ఈ గ్రూపులో చర్చించొద్దు, ప్లీజ్.