అనంతపురం బస్టాండులో మా అబ్బాయి పక్కన కూర్చున్న పెద్దాయనకు

అయ్యా, మీ పేరు కూడా మాకు తెలియదు. హాస్టల్లో సీనియర్లు రాత్రంతా నిలబెట్టి అవమానిస్తే, ఈ చదువే వద్దనుకుని సంచి సర్దుకుని వచ్చిన మా అబ్బాయిని మీరు మనసుతీరా ఏడవనిచ్చారు. "మగపిల్లాడివి, ఓర్చుకో" అనలేదు. ఆ మాట బహుశా నేనే అనేదాన్ని. తలచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. టీ తాగించి, ర్యాగింగ్ నేరమని, మన రాష్ట్రంలో 1997లోనే దానికి చట్టం వచ్చిందని చెప్పారు. మీ ఫోనులోనే 1800-180-5522కు కలిపి ఇచ్చారు. విశ్వవిద్యాలయాల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ యూజీసీ ఏర్పాటు చేసిన ఉచిత నంబరట, రాత్రీ పగలూ పనిచేస్తుందట. ఫిర్యాదు నమోదయ్యాక మాకు కబురు చేశారు. మేము వచ్చేదాకా వాడిని ఒంటరిగా వదలలేదు. మీ బస్సు వెళ్లిపోయినా సరే. వాడు మళ్లీ తరగతులకు వెళ్తున్నాడు. మీకు చేతులెత్తి మొక్కుతున్నాను.