తాగుడు మానుకునే వాళ్ళ మీటింగ్ ఎక్కడో కూడా పేపర్లో వేయండి

సంపాదకులు గారికి నమస్కారం సార్,

మీ జిల్లా పేజీలో ప్రవచనం ఎక్కడ, ఉచిత కంటి శిబిరం ఎక్కడ, ఏ ఫీడర్లో కరెంటు ఎప్పుడు తీస్తారు అన్నీ వేస్తారు, మాకు చానా ఉపయోగం. అట్లనే మన అనంతపురంలో, చుట్టుపక్కల ఊర్లలో తాగుడు మానుకోవాలనుకునే వాళ్ళ మీటింగులు ఎక్కడ, ఏ రోజు, ఎన్నింటికి జరుగుతాయో వారానికి ఒకసారన్నా వేయమని అడగడానికే ఈ లెటర్ రాస్తున్నా.

మా చిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడు, తాగుడు వల్ల ఆసుపత్రిలో పడినాడు. డిశ్చార్జ్ చేసేటప్పుడు డాక్టర్ గారు మంచి మాటే చెప్పినారు, మందులు కొన్నాళ్ళే, తర్వాత ఏఏ అనే తాగుడు మానుకునే వాళ్ళ మీటింగులకి పంపండమ్మా అని. ఎక్కడ సార్ అంటే ఆయనకీ తెలీదు, నర్సమ్మకీ తెలీదు. నెట్‌లో దొరికిన నంబర్లు కొన్ని మోగవు, మోగినవి వేరే ఊరివి, ఒక అడ్రస్ పట్టుకుని పోతే ఒక స్కూల్లో గదికి తాళం, ముందు ఇక్కడ కూర్చునేవాళ్ళు ఇప్పుడు ఎక్కడికి మార్చినారో తెలీదని వాచ్‌మన్ చెప్పినాడు. మానుకోవాలని మనసు మళ్ళిన మనిషికి ఆ మనసు ఎన్ని రోజులు నిలబడుతుంది చెప్పండి. ఆ నాలుగు రోజుల్లోనే దారి దొరకాల.

ఈ ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊర్లో ఇద్దరు తాగుబోతులు, ఒకాయన షేర్ల వ్యాపారంలో పనిచేసినాయన, ఇంకొకాయన డాక్టరు, ఒకరికొకరు తోడుండి మానుకుని మొదలుపెట్టింది. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, మతం అడగరు, తాగుడు మానాలన్న కోరిక ఒకటుంటే చాలు. ఇంట్లో వాళ్ళకి వేరేగా అల్-అనాన్ అని ఉంటుంది, ఆ సంగతి మన ఆడవాళ్ళలో ఎంతమందికి తెలుసు? కాకపోతే వాళ్ళు ప్రచారం చేసుకోరు, బయటి వాళ్ళ దగ్గర చందాలు తీసుకోరు, అది వాళ్ళ నియమం. అందుకే ఫ్లెక్సీలు కనపడవు. చోటు, టైమ్ చెప్పడం ప్రచారం కాదు కదా సార్, ఆ పని మీలాంటి వాళ్ళే చెయ్యాల.

మన దిక్కు మాల వేయించడం ఉంది. అయ్యప్ప మాలో, పాండురంగస్వామి మాలో వేస్తే మానుతాడని. నేను దాన్ని తప్పుపట్టను, మాలలో ఉన్నన్ని రోజులు నిజంగానే ముట్టరు, ఎందుకంటే చుట్టూ స్వాములు ఉంటారు, పొద్దున్నే లేస్తే పలకరించే వాళ్ళు ఉంటారు, పక్కన కూర్చుని తినేవాళ్ళు ఉంటారు. మాల తీసిన సాయంత్రం ఆ గుంపు ఉండదు, పాత స్నేహితులు మాత్రం ఉంటారు, మా తమ్ముడి విషయంలో జరిగింది ఇదే. మీటింగ్ అంటే మాల తీసినాక కూడా విడిపోని గుంపు అని నాకు అర్థమైంది, అందుకే ఇంత పట్టుబడుతున్నా.

ఇంకో మాట. రోజూ ఎక్కువ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి లేనివి కనపడి కలవరించొచ్చు, ప్రాణం మీదికి కూడా వస్తుంది, కాబట్టి ముందు డాక్టరు, తర్వాత మీటింగు. తాగేవాళ్ళకి తెలీకుండా అన్నంలో కలిపి పెట్టే మందులని గోడల మీద ప్రకటనలు చూసి దయచేసి ఎవరూ కొనొద్దు. డాక్టర్లు మనిషికి చెప్పి, ఒప్పించి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర ఒకటుంది, అది కడుపులో ఉండగా మద్యం తాగితే గుండెకే ప్రమాదం, అట్లాంటిది దొంగతనంగా పెడితే ఏమవుతుందో ఆలోచించండి.

ఎయిమ్స్ వాళ్ళు కేంద్రానికి 2019లో ఇచ్చిన రిపోర్టులో మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని ఉంది. మిగతా 37 మంది మన ఇళ్ళల్లోనే ఉన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడినారు, 1995లో మొత్తం నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేసినారు. షాపులు ఉండాలా వద్దా అనేది గవర్నమెంట్లు మారినప్పుడల్లా మారుతుంది, నేను దాని గురించి అడగడంలేదు. షాపు బోర్డు మీద ధరల పక్కన డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి గవర్నమెంటు నడిపే టెలీమానస్ 14416 పెద్ద అక్షరాలతో రాయించండి, రెండూ ఫ్రీ నంబర్లే. ఆసుపత్రుల్లో మానసిక వైద్యం ఓపీ దగ్గర, ఆర్టీసీ బస్టాండులో మీటింగు వివరాలు అంటించండి. కలెక్టర్ గారు తలుచుకుంటే పెద్ద ఖర్చు కాదు.

మా తమ్ముడు ప్రస్తుతానికి వీలైనప్పుడల్లా రైలెక్కి రెండొందల కిలోమీటర్ల పైన ఉన్న బెంగళూరు పోయి మీటింగులో కూర్చుని వస్తున్నాడు, వచ్చిన కాడికి కన్నడ అర్థం చేసుకుంటాడు, పోయిన రోజు కూలి పోతుంది. మీరు వేసే ముందు నెలకోసారి ఆ గ్రూపు వాళ్ళకి ఫోన్ చేసి చోటు మారలేదు కదా అని కనుక్కుని వేయండి సార్, పాత అడ్రస్ వేస్తే మళ్ళీ తాళం దగ్గరికే పోతారు. ఆ ఫోన్లు చేసే పని ఎవరూ లేకపోతే నేను చేసి పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, అనంతపురం