సర్టిఫికెట్ ఇచ్చారు సరే, నేర్పే మేస్త్రీ ఏడీ?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ జిల్లా పేజీలో ఏడాదికి నాలుగైదుసార్లు ఒకే రకం ఫొటో చూస్తుంటాను. వేదిక మీద పెద్దలు, ముందు పసుపు హెల్మెట్లు పెట్టుకున్న కుర్రాళ్లు, అందరి చేతుల్లో సర్టిఫికెట్లు. భవన నిర్మాణంలో శిక్షణ పొందిన యువతకు ప్లేస్‌మెంట్లు అని కింద ఒక వాక్యం. కిందటేడు అలాంటి ఫొటోలో రెండో వరసలో మా మేనల్లుడు ఉన్నాడు. ఫొటో తర్వాత ఏం జరిగిందో ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. టెక్కలి చుట్టుపక్కల ముప్పై ఏళ్లుగా తాపీ పని చేస్తున్నవాణ్ణి.

వాడు ఇంటర్ తప్పాడు. మూడు నెలలు ఉచితంగా నేర్పుతారు, భోజనం, వసతి కూడా ఉన్నాయంటే మా అక్క పంపించింది. ఆ కేంద్రం పేరు ఎందుకులెండి, అక్కడి మాస్టారు మంచివాడే. షెడ్డులో మట్టితో గోడ కట్టించి, సాయంత్రానికి విప్పించి, మర్నాడు అవే ఇటుకలతో మళ్లీ కట్టించేవాడట. అందులో తప్పు పట్టను. నేర్చుకునేవాళ్ల కోసం రోజూ సిమెంటు ఎవరు తగలేస్తారు? రసమట్టం పెట్టడం, గుండు వేసి నిలువు చూడటం, ప్లాను చదవడం, ఎత్తున పని చేసేటప్పుడు బెల్టు పెట్టుకోవడం, అన్నీ చెప్పారు. కానీ ఆ మూడు నెలల్లో వాడు ఎండలో పరంజా మీద నిలబడి ఒక్క గోడకీ పూత వెయ్యలేదు. స్లాబు పడే రోజు సైటు మీద ఎంత టెన్షన్ ఉంటుందో చూడనే లేదు.

తర్వాత ప్లేస్‌మెంట్ అని బెంగళూరు దగ్గర ఒక అపార్ట్‌మెంట్ సైటుకి పంపారు. అక్కడి మేస్త్రీ సర్టిఫికెట్ వైపు కన్నెత్తి చూడలేదు. "తాపీ తర్వాత, ముందు తట్ట పట్టు" అన్నాడట. గదికి, తిండికి కోసుకోగా మిగిలింది రైలు టికెట్‌కి సరిపోయింది. ఇరవై నాలుగో రోజున ఇంటికొచ్చేశాడు. కాగితం మీద మాత్రం వాడికి ఉద్యోగం వచ్చినట్టే.

ఆ మేస్త్రీ మీద నాకు కోపం లేదు. అతని చోట నేనున్నా అదే చేసేవాణ్ణేమో. మాకు పూత పని చదరపు అడుగుల లెక్కన ఇస్తారు. కొత్తవాడు వంకరగా వేస్తే దాన్ని చెక్కేసి మళ్లీ వెయ్యాల్సింది నేనే. ఆ రోజు నా అడుగులు తగ్గుతాయి, దాంతోపాటు నా కూలీ తగ్గుతుంది. శిక్షణ కేంద్రానికి ప్రభుత్వం డబ్బిస్తుంది, కుర్రాడికి హెల్మెట్ ఇస్తుంది. సైటు మీద చెయ్యి పట్టి నేర్పాల్సిన మేస్త్రీకి మాత్రం పైసా లేదు. ఈ సంగతి ఏ సభలోనూ ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

నేను నేర్చుకున్న పద్ధతి గొప్పదని కూడా చెప్పను. మా గురువుగారి దగ్గర రెండేళ్లు మాలు కలిపాను, ఇటుకలు మోశాను. ఆయన బీడీ కాల్చుకునే పది నిమిషాల్లో తాపీ పట్టుకునేవాణ్ణి. అలా చెయ్యి కుదిరింది గానీ లెక్క రాలేదు. స్లాబుకి మూడు రోజులు నీళ్లు పడితే చాలు అనేవారు ఆయన. నేనూ చాలా ఇళ్లవాళ్లకి అలాగే చెప్పాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, ఇప్పుడు ఎక్కువగా దొరికే బూడిద కలిపిన పీపీసీ సిమెంటుకి కనీసం 10 రోజులు తడపాలని నాకు చెప్పింది ఈ మేనల్లుడే. వాడిప్పుడు నాతోనే పనికి వస్తున్నాడు. ప్లానులో మెట్ల కొలత నాకు తెలియకపోతే వాడు చూసి చెబుతాడు. వాడి పూత ఎక్కడ గుల్లగా ఉందో నేను తట్టి చూపిస్తాను.

శిక్షణ ఇవ్వడం మనకు కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లోనే నిర్మాణ పనులు నేర్పడానికి న్యాక్ అనే సంస్థ పెట్టారు. నేర్చుకున్న కుర్రాణ్ణి తీసుకెళ్లి ఎవరి పక్కన నిలబెట్టాలన్నదే ఇప్పటికీ తేలలేదు. చట్టం లేదా అంటే ఉంది. మా అమ్మాయి ఫోన్‌లో వెతికి చదివి వినిపించింది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద 2019లో మార్చిన నిబంధనల ప్రకారం, 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అప్రెంటిస్‌లను, అంటే పని చేస్తూ నేర్చుకునేవాళ్లను, పెట్టుకోవాలి. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లతో కలిపి మొత్తం మందిలో వీళ్లు రెండున్నర నుంచి పదిహేను శాతం దాకా ఉండాలి. 2016లో వచ్చిన పథకం కింద స్టైపెండులో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయల వరకు, కేంద్రం భరిస్తుంది. నేను పనిచేసిన సైట్లలో అప్రెంటిస్ అనే మాటే వినలేదు. రాడ్ కట్టేవాళ్లు ఒక మేస్త్రీ మనుషులు, సెంట్రింగ్ ఇంకొకరిది, తాపీ మరొకరిది. సైటు మీద రెండొందల మంది కనిపిస్తారు, కాగితాల్లో చూస్తే ఎవరి కిందా ముప్పై మంది ఉండరు.

దూరం పంపడం గురించి ఒక మాట. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాకంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. అందులో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు చాలామంది. ఆ కూలడంలో కూలీల తప్పేమీ లేదు, వాళ్లకి శిక్షణ ఉన్నా ఆగేది కాదు. కానీ మా పల్లెల్లో తల్లులు ఆ శవాల బళ్లను మర్చిపోలేదు. ప్లేస్‌మెంట్ చెన్నైలో, బెంగళూరులో అంటే ఇప్పటికీ సగంమంది ఇక్కడే ఆగిపోతారు.

ఇక్కడ పని లేదా మరి? మూలపేట పోర్టుకి 2023 ఏప్రిల్‌లో, భోగాపురం విమానాశ్రయానికి మేలో శంకుస్థాపన జరిగింది. పోర్టులో తాపీ పని ఎంతుంటుంది అనొచ్చు. ఓడలు ఆగే బెర్తుకి రాడ్ కట్టాలి, వెల్డింగ్ ఉంటుంది, తర్వాత గోడౌన్లు, ఆఫీసులు, క్వార్టర్లు లేస్తాయి. అంత పెద్దవి వద్దన్నా ప్రభుత్వ ఇళ్ల కాలనీలున్నాయి, బడి గోడలున్నాయి, అంగన్‌వాడీ భవనాలున్నాయి.

నేను కోరేది ఒక్కటే. కోటి రూపాయలు దాటిన ప్రతి ప్రభుత్వ పని టెండరులోనూ ఆ మండలం కుర్రాళ్లు ఇంతమందిని ఏడాదిపాటు అప్రెంటిస్‌లుగా పెట్టుకోవాలని రాయాలి. బిల్లు చెల్లించే ముందు వాళ్ల హాజరు పట్టీ చూడాలి. నేర్పిన మేస్త్రీకి రోజుకింత అని సెస్సు డబ్బులోంచి ఇవ్వాలి. కార్మికుల సంక్షేమం కోసమని 1996 చట్టంతో పెట్టిన ఈ సెస్సు, నిర్మాణ ఖర్చులో ఒక శాతం, ఏళ్లుగా వసూలవుతోంది. అది కార్మికులకు సరిగా చేరడం లేదని 2018లో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది.

ఆ సీట్లలో ఆడవాళ్లకీ కొన్ని ఉంచాలి. నాతో పాతికేళ్లుగా తట్టలు మోస్తున్న ఆవిడ ఉంది. మాలు ఎంత పలచగా ఉండాలో నాకంటే ఆవిడకే బాగా తెలుసు. ఇన్నేళ్లలో ఒక్కరోజూ ఎవరం ఆవిడ చేతికి తాపీ ఇవ్వలేదు, నాతో సహా.

కలెక్టరు గారు ముందు ఒక్క కాలనీలో చేసి చూడొచ్చు. మా చుట్టుపక్కల మేస్త్రీలం పదిమందిమి మాట్లాడుకున్నాం, కూలీకి లోటు రాదంటే తలా ఇద్దరికి నేర్పడానికి సిద్ధంగా ఉన్నాం. వానలు పడకముందే మొదలుపెడితే మంచిది. తర్వాత రెండు మూడు నెలలు మాకే సరిగా పని ఉండదు.

ఇట్లు,
ఒక తాపీ మేస్త్రీ,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా