పరిశోధన మా బడి దాకా తిరిగి రావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను ఉప్పల్ వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా ఇంగ్లీష్ చెబుతున్నాను. ఇంగ్లీష్ మీడియమా తెలుగు మీడియమా అని పేపర్లలో చాలామంది రాస్తున్నారు. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీష్ మీడియం వచ్చేసింది కాబట్టి నా బాధ ఇప్పుడు అది కాదు. పిల్లలకు ఇంగ్లీష్ ఎలా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదాని మీద బోలెడంత పరిశోధన జరుగుతోంది, మా క్లాసుల్లో కూర్చునే జరుగుతోంది, అందులో ఒక్క ముక్క కూడా మా స్టాఫ్‌రూమ్‌కి చేరడం లేదు.

నాలుగేళ్ల కిందట పీహెచ్‌డీ చేస్తున్న ఒకమ్మాయి మా బడికి వచ్చింది. ఏ యూనివర్సిటీ అన్నది అనవసరం. మూడు వారాలు తొమ్మిదో తరగతి వెనక బెంచీలో కూర్చుంది, ఫోన్లో రికార్డు చేసుకుంది, పిల్లల నోట్‌బుక్కులన్నీ ఫోటోలు తీసుకుంది. ఒకరోజు నేను ఎర్ర పెన్నుతో కొట్టేసిన 'హీ గో టు స్కూల్' అన్న వాక్యం చూపించి, ఈ తప్పు ఎందుకొస్తోంది సార్ అని అడిగింది. మాతృభాష ప్రభావం అమ్మా అన్నాను, బీఈడీలో మాకు చెప్పింది అదే. 'తెలుగులో వాడు వెళ్తాడు, ఆమె వెళ్తుంది అని క్రియ మారుతుంది కదా సార్, అలా మార్చడం అలవాటున్న పిల్లలు ఇంగ్లీష్‌లో ఆ ఒక్క ఎస్ ఎందుకు వదిలేస్తున్నారు?' అంది. నా దగ్గర జవాబు లేదు. థీసిస్ అయ్యాక వచ్చి చెప్తాను సార్ అని వెళ్లింది, మళ్లీ రాలేదు.

ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. మా అమ్మాయి ఇంటర్నెట్‌లో వెతికి పెడితే రాత్రిళ్లు కూర్చుని చదివాను. పిల్లల తప్పులు నిర్లక్ష్యం కాదు, వాళ్లు లోపల కట్టుకుంటున్న భాష ఎంతవరకు వచ్చిందో చూపించే ఆనవాళ్లు అని పిట్ కోర్డర్ అనే భాషావేత్త 1967లోనే రాశాడట. 1974లో డ్యూలే, బర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీష్ నేర్చుకుంటున్న స్పానిష్ పిల్లల్ని, చైనీస్ పిల్లల్ని పోల్చి చూస్తే రెండు గుంపులకీ దాదాపు ఒకే వరసలో వ్యాకరణం వచ్చింది. 'ఐఎన్‌జీ' ముందే వచ్చేస్తుంది, 'హీ గోస్'లో ఎస్ బాగా ఆలస్యంగా వస్తుంది. తర్వాతివాళ్లు మాతృభాష పాత్రను కొట్టేయలేమన్నారు, అదీ నిజమే, 'ఎ', 'ద' దగ్గర మన పిల్లలు తడబడుతున్నారంటే తెలుగులో అలాంటివి లేకపోవడం ఒక కారణం. కానీ ఆ ఎస్ కోసం నేను ఎంతమంది పిల్లలతో యాభైసార్లు ఇంపోజిషన్ రాయించానో తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఇది యాభై ఏళ్ల కిందటి విషయం, నాకు తెలిసేసరికి నా సర్వీసు సగం దాటిపోయింది.

పక్క రాష్ట్రాల సంగతి కూడా అంతే. ఇంగ్లీష్ బోధన మీద పనిచేసిన ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుంచి 1984 దాకా దక్షిణాది బడుల్లోనే బెంగళూరు ప్రాజెక్టు నడిపారు. పాఠంలో గ్రామర్ సూత్రాలు పక్కనపెట్టి, పిల్లలకు ఒక మ్యాపో టైమ్‌టేబులో ఇచ్చి లెక్క తేల్చమంటారు, ధ్యాస పని మీద ఉన్నప్పుడే భాష లోపలికి దిగుతుందని ఆయన నమ్మకం. నేను మెట్రో మ్యాపు జిరాక్స్ తీయించి ఎల్బీ నగర్ నుంచి హైటెక్ సిటీకి ఎలా వెళ్లాలో ఇంగ్లీష్‌లోనే తేల్చమన్నాను. ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు లేచి 'సార్, అమీర్‌పేట్ గెట్ డౌన్, బ్లూ ట్రైన్ సిట్' అన్నాడు. వాక్యం సరిగ్గా లేదు, కానీ అందులో వాడు చెప్పాలనుకున్నదంతా ఉంది, పక్కవాడు వెంటనే 'నో, చేంజ్ ట్రైన్' అని సరిచేశాడు. ఆ రోజు నేను ఎర్ర పెన్ను తీయలేదు.

ఇంగ్లీష్ బోధనను బాగుచేయడానికని 1958లోనే మన హైదరాబాద్‌లో ఒక కేంద్ర సంస్థ పెట్టారు, తర్వాత సీఫెల్ అనే పేరుతో నడిచి, 2007 నుంచి ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) పేరుతో సెంట్రల్ యూనివర్సిటీగా నడుస్తోంది. ఇలాంటిది దగ్గర్లో ఉండటం ఈ నగరం అదృష్టం. దేశంలోని థీసిస్‌లు చాలావరకు శోధ్‌గంగా అనే వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, కానీ మూడు వందల పేజీల ఇంగ్లీష్ థీసిస్ ఏ టీచరు చదువుతాడు చెప్పండి, రోజుకు ఆరు పీరియడ్లు, పైన ఎలక్షన్ డ్యూటీలు.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. బడికి వచ్చి డేటా తీసుకున్న ప్రతి పరిశోధకుడూ డిగ్రీ వచ్చేలోపు తెలుగులో రెండు పేజీలు రాసి ఆ బడికి ఇవ్వాలి, ఏం కనిపించింది, రేపు క్లాసులో ఏం మార్చుకోవచ్చు, అంతే. యూనివర్సిటీలు దీన్ని నిబంధనగా పెట్టాలి, విద్యాశాఖ అనుమతి ఇచ్చేటప్పుడే ఆ మాట రాయించుకోవాలి. వీలైతే చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌కి వచ్చి అరగంట మాట్లాడాలి. ఆ మీటింగుల్లో సర్క్యులర్లు చదవడం తప్ప మేం ఇలాంటి మాట విని ఎన్నేళ్లయిందో.

ఆ అమ్మాయి ఈ ఉత్తరం చూస్తే ఒక మాట: అమ్మా, నువ్వు రికార్డు చేసిన పిల్లలు బడి దాటి వెళ్లిపోయారు, కానీ నేను అదే స్కూల్లో ఉన్నాను. మూడో పీరియడ్ నాకు ఖాళీ.

– ఒక ఇంగ్లీష్ టీచరు, ఉప్పల్, హైదరాబాద్