గేర్లు మార్పించే ముందు మోటారు ఎక్కడుందో చూడండి

సంపాదకులు గారికి,

ఎలక్ట్రిక్ సైకిల్ ఎత్తు ఎక్కలేకపోతోందని, గువ్వలచెరువు ఘాట్ లాంటి చోట మొరాయిస్తోందని గేర్లు మార్పించాలనుకునేవారు ముందు మోటారు ఎక్కడుందో చూడాలి. అది వెనక చక్రం హబ్బులో (చక్రం నడిమి భాగంలో) ఉంటే దాని బలం చైను మీదుగా రాదు, నేరుగా చక్రానికే పోతుంది. ఎన్ని గేర్లు వేసినా మోటారుకు ఒరిగేదేమీ లేదు, తొక్కే కాళ్లకే తేలిక. ఎత్తులో వేగం పడిపోతే మోటారు కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది కాబట్టి ఆ తేలికకూ విలువ ఉంది. పెడళ్ల దగ్గర మోటారు ఉన్న సైకిళ్ల సంగతి వేరు. అక్కడ మనిషి బలం, మోటారు బలం రెండూ ఒకే చైను మీద పడతాయి. గేరు మార్చే క్షణంలో పెడల్ మీద ఒత్తిడి తగ్గించకపోతే చైను తెగే ప్రమాదమూ ఉంది.

ఏడు గేర్ల హబ్బు మోటారు సైకిళ్లలో మామూలుగా కనిపించేది 14–28 పళ్ల ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రాల గుత్తి; చిన్నదానికి 14, పెద్దదానికి 28 పళ్లు). దాని బదులు 14–34 వేస్తే అన్నిటికన్నా తేలిక గేరు ఆరో వంతుకు పైగా ఇంకా తేలికవుతుంది. అయితే 28 పళ్లకు సరిపోయే డిరైలర్ (చైనును ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే భాగం) 34ను అందుకోలేదు, పొడుగు చేయి ఉన్నది వేయాలి, చైనూ పొడుగవ్వాలి. చైనును డిరైలర్‌లో దూర్చకుండా ముందూ వెనకా పెద్ద పళ్ల చక్రాల మీద చుట్టి, రెండు లింకులు కలిపి తెంచాలి. ఇంకో మాట: ఫ్రీవీల్ విప్పే మామూలు టూలు చాలావాటిలో 12 మి.మీ. మోటారు ఎక్సిల్ దూరదు. సుత్తి, ఉలి పెట్టి కొట్టే షాపులో బండి ఇవ్వకండి. వేగం కోసం చిన్న పళ్ల ఫ్రీవీల్ అడగడం దండగ. ముందు 44, వెనక 14 పళ్లు, 26 అంగుళాల చక్రం ఉంటే 25 కి.మీ. వేగంలో పెడల్ నిమిషానికి సుమారు 65 సార్లే తిరుగుతుంది, కాళ్లకు ఇంకా తొక్కే వీలుంది.

అసలు చాలా బళ్లకు కావలసింది కొత్త చైనే. 12 అంగుళాల కొలతలో చైను 1.5 మి.మీ. సాగితే మార్చేయాలి. 3 మి.మీ. దాకా ఆగితే ఫ్రీవీల్ పళ్లు కూడా పోతాయి, దాని మీద కొత్త చైను వేస్తే తొక్కగానే జారుతుంది. ఎర్రగుంట్ల రోడ్డు మీది సున్నపురాతి దుమ్ములో వాడేసిన ఇంజనాయిల్ రాస్తే చైను ఆకురాయిలా పళ్లను కొరికేస్తుంది. తుడిచి, పలచటి చైను ఆయిల్ వేసి, పైపైన మిగిలింది మళ్లీ తుడవాలి.

ముందు షాకు ఫోర్కు మార్చేటప్పుడు కాండం (ఫోర్కు పైన ఫ్రేము మెడలో దూరే గొట్టం) మందం (తిన్నగా ఉండే రకం ఎక్కువగా 28.6 మి.మీ.), ఎక్సిల్ రకం, డిస్కు బ్రేకు బిగింపు, షాకు దిగే దూరం కొలవాలి. 80 మి.మీ. ఉన్నచోట 100 దాకా పరవాలేదు. అంతకు మించితే ముందు భాగం లేచి హ్యాండిల్ తీరు మారుతుంది, ఫ్రేము మెడ మీద భారం పడుతుంది. కాండం కోసేటప్పుడు పైన 3 మి.మీ. ఖాళీ ఉండాలి, లేకపోతే మూత బిగించినా మెడలోని బేరింగు కప్పుల లూజు పోదు.

అన్నిటికన్నా భయపెట్టేది ముందు చక్రంలో మోటారు ఉన్న సైకిల్‌కు షాకు ఫోర్కు వేయడం. దాని కింది కాళ్లు ఎక్కువగా మెగ్నీషియంవో అల్యూమినియంవో. మోటారు తిప్పుడుకు ఎక్సిల్ గాడిలోనే తిరిగి అంచును పగలగొడుతుంది, వైరు తెగుతుంది, పరుగులో ఉండగానే చక్రం ఊడిపోవచ్చు. అలాంటి బండికి ఉక్కు ఫోర్కే ఉండాలి, రెండు వైపులా టార్క్ ఆర్మ్ (ఎక్సిల్ తిరగకుండా పట్టి ఉంచే పట్టీ) బిగించాలి.

షాపులవాళ్లు ఫోర్కు అమ్మే ముందు మోటారు ఏ చక్రంలో ఉందో అడిగి, కాండం మందం, షాకు కొలత బిల్లు మీద రాసివ్వాలి. మన జిల్లా ఐటీఐల్లో ఈ కొలతలు, బిగింపులు వారం రోజుల శిక్షణగా నేర్పించేలా అధికారులు చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక సైకిల్ మెకానిక్, కడప