గింజలు పావురాలకు, నిప్పు పచ్చ గువ్వలకా?

సంపాదకుడు గారికి,

పావురాలకు గింజలు వేసేవాళ్ళని ఎవరూ ఆపకూడదని, మూగజీవాలకు తిండి పెట్టడం పుణ్యమని మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు రాశారు. పుణ్యం సంగతి ఆయనకే వదిలేస్తాను. ఊళ్ళో పావురానికి మన దయ అంత అవసరమా అన్నదే నా సందేహం.

విజయనగరంలో ఏ అపార్ట్‌మెంట్‌కైనా వెళ్ళి ఏసీ బయటి యూనిట్ వెనక చూడండి. నాలుగు పుల్లలు, వాటి మీద రెట్ట గట్టిపడి గిన్నెలా తయారైన గూడు, అందులో రెండు తెల్ల గుడ్లు. పద్దెనిమిది రోజులు పొదిగితే పిల్లలు బయటికొస్తాయి. అవి ఎగరకముందే మళ్ళీ గుడ్లు పెట్టడమూ మామూలే. తిండి దొరకాలే గానీ ఏడాది పొడవునా ఇదే పని. వీటి పూర్వీకులు కొండచరియల్లో గూళ్ళు పెట్టేవి, ఇప్పుడు మన మేడల అంచులే ఆ చరియలు. పైగా నూకలు, జొన్నలు, గంటెలు (సజ్జలు) మనమే పోస్తున్నాం, రేషన్ కార్డు కూడా అడగకుండా!

ఎండిన రెట్ట దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు వాచి, గట్టిపడిపోతాయి. ఈ గొడవే ముంబైలో కోర్టుకెక్కింది. నిషేధాన్ని లెక్కచేయకుండా పావురాలకు గింజలు వేసేవారిపై కేసులు పెట్టమని 2025 జులైలో బాంబే హైకోర్టు ఆదేశించింది. మనకు అంతదాకా రానక్కర్లేదు. జంక్షన్లలో గింజలు వేయడం మానిపించి, రెట్టని పొడిగా ఊడ్చకుండా నీళ్ళు చల్లి తీయమని మున్సిపల్ కార్పొరేషన్ తన సిబ్బందికి చెబితే చాలు.

పావురాల కుటుంబంలోనే ఇంకో పిట్ట ఉంది, దాని ఊసు ఎవరూ ఎత్తరు. శృంగవరపుకోట దాటి అనంతగిరి వైపు కొండెక్కే దారిలో, కాస్త చీకటిగా ఉండే చెట్ల కింద నేను చూశాను. పచ్చ గువ్వ, ఇంగ్లిష్‌లో ఎమరాల్డ్ డవ్. రెక్కలు మెరిసే ఆకుపచ్చ, రొమ్ము వంకాయ రంగు కలిసిన గులాబీ, ముక్కు ఎరుపు. ముక్కుతో ఎండుటాకులు పక్కకి నెట్టి, రాలిన గింజలూ పళ్ళూ ఏరుకుంటూ నడుస్తోంది. అడుగుల చప్పుడు వినగానే లేచి, నేలకి దగ్గరగా చెట్ల మధ్యనుంచి దూసుకుపోయింది. ఆ ఒక్క క్షణంలో నడుం మీద రెండు తెల్లటి చారలు కనిపించాయి. తమిళనాడుకి ఇది రాష్ట్ర పక్షి. మనది రామచిలుక కాబట్టి దీన్ని పట్టించుకోకూడదని ఏమీ లేదు కదా.

ఇదీ రెండు గుడ్లే పెడుతుంది, పావురంలాగే గొంతు సంచిలో ఊరే పాలే పిల్లలకి పడుతుంది. తేడా అంతా తిండి దగ్గరే. పావురం బస్టాండులో రాలిన బిస్కెట్ ముక్కతో కూడా బతికేస్తుంది. దీనికి అడవి నేల కావాలి, ఆ నేల మీద రాలిన ఆకు కావాలి. వేసవి వస్తే మనం కాల్చేది సరిగ్గా దాన్నే. పోడు కోసం కొంత, బీడీ పారేసినవాళ్ళ వల్ల కొంత. కొన్ని చోట్ల ఇప్పపువ్వు ఏరుకోడానికి వీలుగా ఉంటుందని చెట్టు కింద ఆకుకి నిప్పు పెడతారు, అది కొండంతా పాకుతుంది. పువ్వు ఏరుకునేవాళ్ళని తిట్టి లాభం లేదు, అది వాళ్ళ కూడు. చెట్టు కింద వల పరిస్తే పువ్వు మట్టి అంటకుండా శుభ్రంగా వస్తుంది, నిప్పుతో పని ఉండదు.

అటవీ ఉత్పత్తులు కొనే గిరిజన సహకార సంస్థ ఆ వలలు ఇప్పించవచ్చు. అటవీ శాఖ వేసవి ముదరకముందే ఊరివాళ్ళనే కూలికి పెట్టి మంటల కాపలా పెట్టవచ్చు. జంక్షన్లో రోజూ గింజల సంచీ కొనే దాతలు ఆ డబ్బుతో ఒక కొండ ఊరికి నాలుగు వలలు కొనిచ్చినా సంతోషమే. ఇప్పపువ్వు రాలే కాలానికి ముందే ఇవి అందేలా అధికారులు చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయనగరం